ఘటంలో పూసలు

మా పైడిరాజు కుడిచేతికి మూడు వేళ్ళే ఉన్నాయి. మిగతా రెండూ ఏమయ్యేయని బయటూరివాళ్ళు అడిగితే, పడవ లాగుతుంటే నలిగిపోయేయని చెప్తాం. టెక్కలి ఆసుపత్రి కాగితంలోనూ అదే ఉంది. పోలీసులు వచ్చి అడిగినప్పుడూ అదే చెప్పేం. మా పేటలో నూట అరవై గడపలున్నాయి, నూట అరవై గడపలూ అదే మాట. నేనూ అదే చెప్పేను, కన్నతల్లిని. నలభై ఏళ్ళు చేపల గంప మోసినా ఇంతగా నొప్పెట్టని మెడ, ఈ ఒక్క అబద్ధం మోసి వంగిపోయింది. అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తున్నాను, వినండి.

పోయిన వేసంగి మాట. మాది వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే పేట. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని గవర్నమెంటు మా పడవల్ని నీళ్ళలోకి దిగనివ్వదు. ఆ రెండు నెలలూ పడవలు ఇసకలో బోర్లా పడుకుంటాయి, మగాళ్ళు జీడిచెట్ల కింద వెల్లకిలా పడుకుంటారు. ఆడాళ్ళం మాత్రం ఎప్పట్లాగే పలాస పోయి జీడిపప్పు బట్టీల్లో గింజలు ఒలుచుకుంటాం, చేతులు నల్లగా కాలిపోయేలాగ. మగాళ్ళకి పని లేకపోతే పేట వేడెక్కుతుంది. ఏటేటా ఏదో ఒక కొట్లాట. ఎవడో ఎవడి పెళ్ళాన్ని చూసేడనో, పేకాటలో మోసమనో. పోయిన వేసంగి అలాటి చిల్లర కొట్లాట కాదు. దేశం కొట్లాట.

ఎక్కడో చలికొండల్లో చూడ్డానికి పోయినవాళ్ళని పేర్లడిగి కాల్చి చంపేసేరని టీవీలో చూపించేరు. పెళ్ళయి వారం కాని పిల్ల మొగుడి శవం పక్కన కూర్చున్న బొమ్మ చూసి నేను కూడా ఏడ్చేను, వాళ్ళ చేతులు పడిపోనూ అని తిట్టేను. ఆ పదిహేను రోజులకి యుద్ధమొచ్చింది. మా పక్కింటి దమయంతి కొడుకు హేమంత్ సిపాయి, ఆ కొండల్లోనే ఉన్నాడు. దమయంతికి మొగుడు లేడు. మా ఉద్దానం మనుషుల్ని తినేసే ఆ కిడ్నీ జబ్బే తినేసింది. ఉన్నది ఆ ఒక్క నలుసు. నేనూ దమయంతీ ముప్పై ఏళ్ళు పక్కపక్కన గంపలు మోసేం. నన్ను అప్పా అని పిలుస్తుంది. ఒకే తట్టలో చద్దన్నం తిన్నాం. హేమంత్‌కి ఈత నేర్పింది మా పైడిరాజే. వాడు పైడన్నా పైడన్నా అని వీడి తోక పట్టుకు తిరిగేవాడు.

ఇక్కడ మా పైడిరాజు సంగతి ఒకటి చెప్పాలి. వాడు ఇక్కడ వేట సాగక గుజరాతు వైపు వెరావల్ పోయి, అక్కడ బోటెక్కి, గాలికి హద్దు దాటిపోయి పాకిస్తాన్‌వాళ్ళకి చిక్కేడు. కరాచీ జైల్లో పద్నాలుగు నెలలున్నాడు. అయిదేళ్ళ కిందట ఇంటికొచ్చేడు, ఎండుచేపలాగ. జేబులో ఒక పూసల దండ ఉంది. నల్ల కర్రపూసలు, ముప్పైమూడు. వాళ్ళు దేవుణ్ణి తలుచుకుంటూ తిప్పుతారు చూడండి, అది. అక్కడ ఊడ్చే ముసలాయన ఇచ్చేట్ట. ఆయనా సముద్రంలో బతికినవాడే.

"తెల్లారితే ఒక పూస జరిపీవోణ్ణమ్మా," అన్నాడు వాడు. "రోజుకొకటి. లేపోతే ఏ రోజో తెలీక పిచ్చెక్కిపోయీవోణ్ణి. గోడకి తల బాదుకునీవోళ్ళు అక్కడ. నాను పూస జరిపీవోణ్ణి."

మా పేటలో ఒక ఆనవాయితీ ఉంది. గంగమ్మతల్లి గుళ్ళో ఒక మట్టి ఘటం ఉంటుంది. సముద్రంలో ప్రాణం దక్కించుకుని వచ్చినవాడు ఆ గండంలో ఏది పట్టుకుని తేలేడో, ఆ వస్తువు అందులో వెయ్యాలి. వల బెండో, తాడుముక్కో, డబ్బా మూతో, ఏదైనా సరే. మగవాడు ఘటం ముట్టుకోకూడదు. పెళ్ళామూ ముట్టుకోకూడదు. కన్నతల్లే వెయ్యాలి, పేగు తెంచుకున్నది ఆవిడ కాబట్టి. అయిదేళ్ళకోసారి ఆ పాత ఘటాన్ని పేటంతా చూస్తుండగా విప్పి, అందులోవి సముద్రంలో కలిపేసి, కొత్త ఘటం నిలబెడతాం.

నా కొడుకుని నిలబెట్టినవి ఆ పూసలు. నేనేం చేసేను? వాడు పడుకున్నప్పుడు తీసుకుపోయి ఘటంలో వేసేసేను. పూజారి సన్యాసయ్య గుడ్డ విప్పి, "ఏటదే నారాయణమ్మా?" అన్నాడు.

"నా కొడుకుని పట్టుకున్నాది," అన్నాను.

ఆయన నన్ను వెయ్యనిచ్చి, ఘటానికి పసుపుగుడ్డ కట్టేసేడు. పైడిరాజుకి మాత్రం చెప్పలేదు. చెప్తే ఒప్పుకోడని. వాడు మూడు రోజులు ఇల్లంతా, ఇసకంతా వెతుక్కున్నాడు. పోతే పోనీరా అన్నాను. నా తప్పు అక్కడ మొదలు.

ఇక పోయిన వేసంగికొద్దాం. యుద్ధమని తెలిసిన రోజు సాయంత్రం తారకేశ్వరరావు గుడి ముందు మైకు పెట్టించేడు. ఇతగాడు మాకు వరసకి అల్లుడవుతాడు. చెడ్డవాడు అనుకోకండి. వాళ్ళ నాన్న కిడ్నీలు పోయి చచ్చిపోయిన దగ్గర్నుంచి, రక్తం శుద్ధి చేయించుకునేవాళ్ళని వారానికి రెండుసార్లు తన వ్యానులో పలాస తీసుకుపోతాడు, పైసా ముట్టడు. మనిషి మంచివాడే, మైకు పట్టుకుంటేనే వేరే మనిషి.

"మన దేశం దేవుణ్ణి నమ్ముకున్న దేశం!" అన్నాడు మైకులో. "ఆ నమ్మకం ఉన్నన్నాళ్ళూ ఎవడూ మనల్ని ఏటీ సెయ్యలేడు! దేవుడు మన పక్కనున్నాడు! మన హేమంత్ పక్కనున్నాడు! ప్రతి మగోడూ అమ్మోరి ఎదుట సెయ్యెత్తి సెప్పండి!"

అందరూ చేతులెత్తేరు. మా వాడూ ఎత్తేడు, నేను చూసేను. అరిచేడు కూడా. తర్వాత మైకు గుక్క తిప్పుకుంది. సరిగ్గా ఆ ఖాళీలో మా వాడి నోటి దురద.

"ఆళ్ళ మైకులో కూడా అచ్చం ఇదే గొంతు బావా," అన్నాడు. "శుక్కురారం శుక్కురారం ఇనీవోణ్ణి. బాస తెలీకపోయినా గొంతు తెలిసిపోయీది. దేవుడు మా పక్కేనని ఆళ్ళూ ఇలాగే అరుత్తారు. పాపం, ఆ మహానుభావుడు ఎటేపని నిలబడతాడు?"

నలుగురు నవ్వేరు. ఆ నవ్వే మా కొంప ముంచింది. మాట అని ఊరుకుంటే తిట్టి వదిలేద్దురు. నవ్వేసరికి తారకేశ్వరరావు ముఖం మాడిపోయింది. పక్కనున్న బాలకృష్ణ లేచి వచ్చి, మా వాడి మూతిమీద పిడికిలితో ఒక్కటిచ్చేడు. బాలకృష్ణ హేమంత్‌కి జతగాడు. ఇద్దరూ కలిసే మిలట్రీ సెలక్షన్లకి పరిగెత్తేరు. వాడు మూడుసార్లు పోయి మూడుసార్లూ తిరిగొచ్చేసేడు.

పైడిరాజు కిందపడి, పెదవి తుడుచుకుని, "ఉన్నమాట అంతే కదేటిరా," అన్నాడు, ఇంకా నవ్వుతూనే. వాడికి ఆ నవ్వు చిన్నప్పట్నుంచీ ఉంది. దెబ్బ తగిలితే వస్తుంది.

ఇంటికొచ్చేక కోడలు బేబి గిన్నెలు విసిరికొట్టింది. "నీకెందుకు? నీకెందుకు అంట! నోరు కుట్టేసుకోలేవేటి? పద్నాలుగు నెలలు నాను సచ్చి బతికేను, మళ్ళీ సావాలేటి నాను?"

"తప్పేటన్నానే?"

"తప్పు కాదు, అదే తప్పు!"

మర్నాడు పొద్దున్నే చూస్తే మా వల ముక్కలు ముక్కలుగా కోసేసి ఉంది. కొత్త వల. నిషేధం అయిపోగానే దింపుదామని పైడిరాజు వేసంగికి ముందునుంచే రెండు నెలలు కూర్చుని అల్లుకున్నాడు. కత్తులతో కోసి, పోగుచేసి, దానిమీద మూత్రం పోసేరు. పడవ అడుగున గొడ్డలితో రెండు నరుకులు. మా మనవరాలు సౌజన్య ఏడుస్తూ ఫోనులో ఫొటో తీసింది. పైడిరాజు దాని చేతిలో ఫోను తీసుకుని ఆ ఫొటో చెరిపేసేడు. "ఒగ్గీ అమ్మా," అన్నాడు. "యుద్ధం అయిపోతే ఈళ్ళే వచ్చి కుట్టిపెడతారు."

అంత నమ్మకం వాడికి మా వాళ్ళమీద.

దమయంతి మా ఇంటికి రావడం మానేసింది. హేమంత్ ఫోను మూగబోయి నాలుగు రోజులయింది. చేస్తుంటే స్విచ్చాఫ్. నేను గంజీ ఉప్పుచేపా పట్టుకుని వెళ్ళేను. ఫోను ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంటోంది.

"తినే," అన్నాను.

"నాకొద్దు."

"ఆళ్ళు ఫోన్లు ఆపమంటారటే. సౌజన్య సెప్పింది. అందరియీ ఆపేత్తారంట."

అది నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు నాకు తెలీదు. ముప్పై ఏళ్ళలో చూడలేదు.

"నీ కొడుకు ఆళ్ళ కూడు తిన్నాడప్పా," అంది.

"జైల్లో పెట్టింది తినకపోతే సచ్చిపోడేటే?"

"తింటే తిన్నాడు. మా హేమంత్ తుపాకీ ముందు నిలబడితే, ఈడు ఆళ్ళ దేవుడి మాట నవ్వుతూ సెప్తాడేటి? అమ్మోరు ఇనదేటి? దానికి కోపం రాదేటి? నా కొడుక్కేటన్నా అయితే..." అని ఆగిపోయింది. గంజిగిన్నె కాలితో పక్కకి నెట్టింది. గంజి ఒలికి నా పాదాలమీదకొచ్చింది. వేడిగానే ఉంది.

అయిదో రోజు. ఘటం మార్చే రోజు అదే పడింది. మార్చొద్దు, యుద్ధం కదా, ఆగుదాం అని సన్యాసయ్య అన్నాడు. ఆయన ఎందుకన్నాడో మా ఇద్దరికే తెలుసు. తారకేశ్వరరావు వినలేదు. "ఇప్పుడే మార్చాలి పెద్దయ్యా. అమ్మోరికి పాతదేదో పేరుకుపోయుంటాది. దేశానికి మంచిది," అన్నాడు.

మిట్టమధ్యాహ్నం. ఇసక కాళ్ళు కాలుస్తోంది. ఆడాళ్ళందరం పసుపు నీళ్ళ బిందెలు తెచ్చి గుడి ముందు పోసేం. నేల పచ్చగా బురదయింది. డప్పులు. నేను బేబి పక్కన కూర్చున్నాను. వెళ్ళి సన్యాసయ్య చెవిలో ఒక్క మాట చెప్పి ఆ దండ ముందే తీయించెయ్యొచ్చు. పైడిరాజుకి చెప్పి ఊరు దాటించొచ్చు. పొద్దున్నుంచీ ఎన్ని గంటలు లేవు? నేనేమీ చెయ్యలేదు. అమ్మా, నీ మీదే భారం వేసేను తల్లీ, నువ్వే కప్పెట్టు అని మొక్కుకున్నాను. ఆ మొక్కు పెట్టేసి చేతులు ముడుచుకుని కూర్చున్నాను.

సన్యాసయ్య పసుపుగుడ్డ విప్పేడు. ఒక్కొక్కటీ తీస్తున్నాడు. బెండు ముక్క. తెగిన చెప్పు. తుఫానులో బతికొచ్చిన వాళ్ళ నూనె డబ్బా మూత. తీసినప్పుడల్లా తల్లి పేరు చెప్తాడు, ఆవిడ లేచి దణ్ణం పెడుతుంది. చివరికి ఆయన చెయ్యి లోపలే ఆగిపోయింది. ఏమీ లేదన్నట్టు ఉత్త చెయ్యి బయటికి తీసేడు. పాపం, ఆయన చేతనైంది ఆయన చేసేడు. కాని బాలకృష్ణ ఘటాన్ని లాక్కుని నేలమీద పగలగొట్టేడు. పెంకుల మధ్య నల్లపూసలు.

డప్పులు ఆగిపోయేయి.

పైడిరాజు జనంలోంచి ముందుకొచ్చి ఆ దండ చూసేడు. ముఖం వెలిగింది ముందు, పోయిన వస్తువు దొరికినవాడిలాగ. తర్వాత నా వైపు చూసేడు. అయిదేళ్ళకి వాడికి అర్థమైంది. ఒక్క చూపు. అందులో కోపం లేదు. నోరు తెరవకు అని ఉంది.

"ఎవడిది?" అన్నాడు తారకేశ్వరరావు. మైకు చేతిలోనే ఉంది.

"నాదే," అన్నాడు పైడిరాజు. "నానే ఏసినాను."

చూడండి, ఘటంలో వస్తువు తల్లే వెయ్యాలి. మగవాడు ముట్టుకోడు. ఆ సంగతి అక్కడున్న మూడేళ్ళ పిల్లకి కూడా తెలుసు. వాడు చెప్పింది అబద్ధమని అంతమందికీ తెలుసు. అయినా ఎవ్వరూ ఆ మాట అనలేదు.

బాలకృష్ణ దండ తెంపి విసిరేసేడు. పూసలు పసుపు బురదలో చెదిరిపోయేయి. "అమ్మోరి కడుపులో ఇది పెట్టేవురా! ఆడక్కడ సత్తన్నాడు! ఆడు సత్తన్నాడురా!" అని అరుస్తూ కడుపులో తన్నేడు. పైడిరాజు వంగిపోయేడు. ఇంకెవడో వెనకనుంచి తన్నేడు. తర్వాత ఎంతమందో నేను లెక్కపెట్టలేదు. మా పడవలో వేటకి పోయినవాళ్ళే, మా ఇంట్లో కూడు తిన్నవాళ్ళే. బేబి లేవబోతే ఇద్దరాడాళ్ళు జుట్టు పట్టుకుని కూర్చోబెట్టేరు. అది అరుస్తోంది, నోట్లో కొంగు కుక్కేరు.

గుడి పక్కనున్న తెడ్లు చేతుల్లోకొచ్చేయి. మొదటి తెడ్డు దెబ్బ వీపుమీద పడింది. రెండోది మోకాలిమీద. వాడు పాకుతూ గుడి మెట్టు పట్టుకున్నాడు, గుళ్ళోకి పోతే కొట్టరనుకున్నాడేమో. మూడోది ఆ చేతిమీదే పడింది. రాయికీ కర్రకీ మధ్యని. ఎండిన కొబ్బరిమట్ట విరిగినట్టు చప్పుడయింది. వాడు అరవలేదు. ఊపిరి మాత్రం ఈలలాగ వచ్చింది.

నేనింకా కూర్చునే ఉన్నాను.

ఇదే, ఇది చెప్పడానికే మొదలెట్టేను ఈ కథ. నా కొడుకుని మూడు తెడ్డు దెబ్బలు కొట్టేదాకా నేను రెండు చేతులూ జోడించి కూర్చుని ఉన్నాను. అమ్మా సూసుకో, అమ్మా సూసుకో అంటున్నాను. ఎదురుగా రాతి తల్లి, ముఖాన పసుపు, పెద్ద పెద్ద కళ్ళు. అది చూస్తూనే ఉంది. అది చూడ్డం మానలేదు. నన్నూ చూస్తోందని అప్పుడనిపించింది. నువ్వేం చేస్తున్నావే అన్నట్టు.

నాలుగో దెబ్బకి తెడ్డు లేచినప్పుడు పోయి వాడిమీద పడ్డాను. అది నా మణికట్టుమీద తగిలింది. "నానేసేనురా! తల్లిని, నానేసేను! నన్ను సంపండి!" అన్నాను.

బాలకృష్ణ తెడ్డు ఎత్తి పట్టుకుని, "తెలుసు," అన్నాడు.

అంతే. తెలుసు, అన్నాడు. వాడి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

అప్పుడు దమయంతి వచ్చింది. జనం దారిచ్చేరు, సిపాయి తల్లి కదా. చేతిలో ఘటం పెంకు. నా ముందు నిలబడింది.

"నువ్వేసేవేటి అప్పా?" అంది, చిన్నగా.

"నానే దమయంతీ."

"మా తమ్ముడి బెండు ముక్క ఉన్న ఘటంలో?"

"అవునే."

పెంకుతో నా నుదుటిమీద కొట్టింది. ఇదిగో, ఈ గీత అదే. రక్తం కళ్ళల్లోకి దిగి ఎర్రగా అయిపోయింది లోకం. మళ్ళీ ఎత్తింది. ఈసారి రెండు చేతులూ కలిపి ఎత్తింది, గట్టిగా దించడానికి. నేను కళ్ళు మూసుకున్నాను.

దాని బొడ్లో ఫోను మోగింది.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. రెండో చేత్తో ఫోను తీసింది. దానికి సరిగ్గా వినపడదు, ఎప్పుడూ స్పీకరులోనే పెడుతుంది.

"అమ్మా," అన్నాడు హేమంత్. గుడి ముందర అంతమందికీ వినపడింది. "అమ్మా, తిన్నావేటి?"

దమయంతి ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"నాకేటి కాలేదే. ఫోన్లు ఆపేసేరు. ఇప్పుడే ఇచ్చేరు. ఏటే, పలకవు? ఏటా గోల?"

"ఘటం... ఘటం మారుత్తన్నారు నాయనా."

"అవునుగదా, ఇయ్యాల కదా! పైడన్న ఉన్నాడేటి అక్కడ? ఓపాలియ్యవే."

దమయంతి కిందకి చూసింది. మెట్టుమీద పైడిరాజు ముఖం పక్కకి తిప్పి పడున్నాడు. నోటినిండా నెత్తురు. చెయ్యి చెయ్యిలాగ లేదు. వాడు తల్లిపాలు తాగే పిల్లాడిలాగ నా ఒళ్ళోకి ముడుచుకుని ఉన్నాడు, ముప్పై ఎనిమిదేళ్ళవాడు.

"ఉన్నాడు," అంది దమయంతి. "ఇక్కడే ఉన్నాడు. పనిలో ఉన్నాడు నాయనా, తరవాత మాటాడతాడు."

"సర్లే. వచ్చేక ఆడి పడవెక్కుతానని సెప్పు."

ఫోను ఆగిపోయింది. దమయంతి చేతిలో పెంకు ఎప్పుడు జారిపోయిందో ఎవరూ చూడలేదు.

అప్పుడు తారకేశ్వరరావు మైకులో అన్నాడు: "సూసేరా! ఆ మైల బయటపడీసరికి అమ్మోరు పలికింది! నమ్మినోళ్ళని అమ్మోరు ఒగ్గదు!"

డప్పులు మళ్ళీ మోగేయి. చేతులన్నీ పైకి లేచేయి. అదేం విచిత్రమో చెప్పనా, నాకూ అదే ఆలోచన వచ్చింది, తిరగేసి. నేను లేచినందుకు నా కొడుకుని కాపాడ్డానికే అమ్మ ఫోను మోగించిందనిపించింది. ఒకటే ఫోను. వాళ్ళకొక అర్థం, నాకొక అర్థం. దణ్ణం పెట్టబోయేను. కుడిచెయ్యి లేవలేదు. మణికట్టు విరిగిందని అప్పుడు తెలిసింది.

టెక్కలి ఆసుపత్రికి ఎవరు తీసుకుపోయేరనుకున్నారు? తారకేశ్వరరావే. తన వ్యాను తెచ్చి, "ఎక్కండత్తా, బేగి ఎక్కండి," అన్నాడు. పైడిరాజుని తన చేతుల్తోనే ఎత్తి పడుకోబెట్టేడు, చొక్కాకి నెత్తురంతా అయింది. దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. "పిల్లలు ఆవేశంలో ఉన్నారత్తా. దేశం పరిస్థితి అలాటిది. నానెవర్నీ కొట్టమన్లేదు, నువ్వు ఇన్నావు కదా?"

"ఇన్నాను బాబూ."

"అయినా మంచే జరిగింది. హేమంత్ పలికేడు."

బేబి వెనక సీట్లోంచి ఏదో అనబోతే, పైడిరాజు మంచి చేత్తో దాని కాలు నొక్కేడు. తర్వాత గొంతు పెగల్చుకుని, "బావా," అన్నాడు, "గుంటలు సూసి నడుపు. గతుక్కి పేనం పోతన్నాది."

అక్కడ రెండు వేళ్ళు తీసేసేరు. పక్కటెముకలు మూడు విరిగేయి. ఎలా తగిలిందని డాక్టరమ్మ అడిగింది. పడవ లాగుతుంటే జారిందని పైడిరాజే చెప్పేడు. ఆవిడ నా నుదురు చూసి, "మీమీద కూడా పడవే పడిందా మామ్మా?" అంది. అవునమ్మా అన్నాను. మేం మళ్ళీ ఈ పేటలోనే బతకాలి కదా. పడవ నడవాలంటే అయిదుగురు కావాలి, ఆ అయిదుగురూ వీళ్ళలోంచే రావాలి.

నిషేధం ఎత్తేసిన రోజు పడవలన్నీ నీళ్ళలో దిగేయి. మాది ఇసకలోనే ఉంది. ఎవ్వరూ వెలి అని అనలేదు. రమ్మంటే ఒకడికి నడుం నొప్పి, ఇంకొకడికి జ్వరం. సన్యాసయ్య మా ఇంటి ముందునుంచి నడవడం మానేసి, ఒడ్డమ్మట చుట్టు తిరిగి గుడికి పోయేవాడు. కొత్త ఘటం నిలబెట్టేరు. నేను రోజూ గుడికి పోతాను, మానలేదు. మానితే నా కొడుకు బతికినందుకు ఎవరికి చెప్పుకోను? కాని ఇప్పుడు కూర్చుని మొక్కను. ఎంత మోకాళ్ళు నొప్పెట్టినా నిలబడే మొక్కుతాను.

జూన్ ఆఖర్లో ఒక పొద్దున్న దమయంతి మా గుమ్మంలోకొచ్చింది. అప్పటికి నలభై రోజులపైనే మాటల్లేవు మా ఇద్దరికీ. బేబి చూసి లోపలికి పోయి తలుపు ధడేలున వేసింది. పైడిరాజు అరుగుమీద కూర్చుని కోసేసిన వల బాగుచేసుకుంటున్నాడు, దారం కాలిబొటనవేలికి చుట్టుకుని, ఎడంచేత్తో. నేను చెంబుతో నీళ్ళిచ్చేను. దమయంతి తాగింది. నా నుదుటివైపు చూడలేదు. నేల చూస్తూ కొంగు ముడి విప్పింది.

నీలం వలదారానికి గుచ్చిన నల్లపూసలు. కొన్నిటికి ఇంకా పసుపు అంటుకుని ఉంది.

"ఇరవై తొమ్మిదే దొరికేయి," అంది. "నాలుగు బురదలో దిగిపోనాయి. ఎంతెతికినా కనపళ్ళేదు."

నేను చెంబు అందుకుని దాని పక్కన కూర్చున్నాను.

"హేమంత్‌కి సెలవు దొరికింది. ఆడొచ్చీదాకా రోజుకొకటి జరుపుతన్నాను." ఇంకా నేలనే చూస్తోంది. "లేపోతే నిద్దర పట్టదప్పా. పిచ్చెక్కిపోతన్నాది."

"ఎన్ని జరిపేవు?"

"పదకొండు."

పైడిరాజు వల పక్కన పెట్టి దండ వైపు చూసేడు. దమయంతి దండ ముడిచేసి కొంగులో దాచుకోబోయింది.

"పిన్నీ," అన్నాడు. "ఆ ముడి కాదు. అది జారిపోద్ది. ఇలా తే."

ఆవిడ ఇవ్వలేదు. వాడే అరుగు దిగి వచ్చి, ఆవిడ ముందు గొంతుక్కూర్చుని, దండ చివర్లు అందుకున్నాడు. మూడు వేళ్ళతో వల ముడి వెయ్యడం వాడికి అప్పటికింకా రాలేదు. రెండుసార్లు వేసేడు, రెండుసార్లూ ఊడిపోయింది. మూడోసారి దారం ఒక కొస పళ్ళతో కరిచిపట్టి లాగేడు. దమయంతి పదకొండో పూస మీద వేలు కదలకుండా పెట్టి, లెక్క తప్పిపోకుండా, వాడు బిగించేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.